హీరోలను అమ్ముకుంటున్న పెద్దలకు బహిరంగ లేఖ

సంగీత కంపెనీల యాజమాన్యాలకు, కచేరీ నిర్వాహకులకు, టికెట్ల సంస్థలకు, కళాకారుల మేనేజర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఎన్నో మంచి పాటలు మీ చేతుల మీదుగానే మా చెవిన పడ్డాయి. ఆ మేలు మరచిపోలేదు. ఇక్కడ రాయబోయేవి కూడా మీకు తెలియని సంగతులేమీ కావు. ఎండలో గంటల తరబడి క్యూలో నిలబడ్డవాళ్లు మీకు రాశారు. టికెట్ చేతికి రాక, డబ్బు వెనక్కి రాక తిరిగినవాళ్లు రాశారు. పిల్లల్ని కచేరీకి పంపి రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులు రాశారు. అందరికీ వచ్చిన జవాబు ఒక్కటే: "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." ఒక కచేరీ నిర్వాహక సంస్థకు నేను రాసినప్పుడు నాకూ అదే వచ్చింది, అక్షరం తేడా లేకుండా. విడివిడిగా రాస్తే యంత్రం జవాబిస్తోంది కాబట్టి ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

పాప్ గాయకుణ్నో గాయనినో హీరోగా చూసుకోవడం కుర్రతనమని, పనిలేనివాళ్ల పిచ్చి అని తీసిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఆ వరసలో లేను. బార్బడోస్ 2021 నవంబర్ 30న బ్రిటిష్ రాణిని పక్కనపెట్టి గణతంత్ర దేశమైంది. ఆ వేడుకలోనే ప్రధాని మియా మోట్లీ గాయని రిహానాను జాతీయ వీరుల్లో ఒకరిగా ప్రకటించారు. బానిసల తిరుగుబాటుకు నాయకత్వం వహించిన బుస్సా పేరున్న జాబితా అది. ఆమె చేరేనాటికి ఆ జాబితాలో ప్రాణాలతో ఉన్నది ఒక్క క్రికెటర్ గ్యారీ సోబర్స్ మాత్రమే. ఒక దేశం తన చరిత్రలో కొత్త పేజీ తిప్పుతూ అందులో పాప్ గాయని పేరు రాసుకుందంటే, ఆ అభిమానాన్ని పిచ్చి అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

అంతకన్నా ముందు దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా ఉంది. 1960లో తల్లి చనిపోయిందని దక్షిణాఫ్రికాకు బయల్దేరబోతే ఆమె పాస్‌పోర్టు రద్దయిందని తెలిసింది. 1963లో ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు నిలబడి వర్ణవివక్ష గురించి చెప్పింది. ఆ తర్వాత పౌరసత్వమూ పోయింది, సొంత దేశంలో ఆమె రికార్డులూ నిషేధమయ్యాయి. తిరిగి ఆ నేల మీద కాలు పెట్టింది 1990లో. చిలీలో గాయకుడు విక్టర్ హారా అంత అదృష్టానికి కూడా నోచుకోలేదు. 1973 సెప్టెంబర్‌లో సైనిక కుట్ర జరిగిన కొద్ది రోజులకే అతన్ని హింసించి కాల్చి చంపారు. అతన్ని బంధించి ఉంచిన స్టేడియానికి ఇవాళ అతని పేరే ఉంది.

ప్రాణం పెట్టకపోయినా పెద్ద మనసు చూపినవాళ్లున్నారు. 1971 ఆగస్టు 1న పండిట్ రవిశంకర్ అడిగితే జార్జ్ హారిసన్ తోటి గాయకులను కూడగట్టి న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పాడాడు. ఆ డబ్బు చాలాభాగం పన్నుల చిక్కులో పడి ఏళ్ల తరబడి శరణార్థులకు చేరలేదు. కచేరీని ముందుగానే యూనిసెఫ్ పేర నమోదు చేయించి ఉంటే ఆ చిక్కే వచ్చేది కాదు. పాడేవాళ్లు పాడారు. కాగితాలు చూడాల్సినవాళ్లు చూడలేదు. ఈ లేఖ అందుకునే మేనేజర్లు ఈ ఒక్క ఉదాహరణనైనా గుర్తుపెట్టుకోవాలని మనవి. 2017 మే 22న మాంచెస్టర్‌లో తన కచేరీ ముగిసిన క్షణాల్లో బాంబు పేలి 22 మంది చనిపోతే, అరియానా గ్రాండే రెండు వారాలు తిరక్కుండా, జూన్ 4న, అదే నగరానికి తిరిగి వచ్చి బాధిత కుటుంబాల కోసం పాడింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. భయపడి ఇంట్లో కూర్చున్నా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

వీళ్లెవరినీ మీరు హీరోలుగా తయారు చేయలేదు. చేసిన పని చూసి జనమే పీట వేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు జరుగుతున్నది తలకిందుల వ్యవహారం. కొత్త బృందం పట్టుమని పది పాటలైనా పాడకముందే అభిమానుల గుంపుకు పేరు, రంగు, ఊపడానికి లైట్‌స్టిక్, సభ్యత్వ రుసుము అన్నీ సిద్ధం. ఏ పనీ చేయకముందే హీరో దిగుతున్నాడు. అంటే హీరోతనం మీ దగ్గర సరుకైంది. సరుకు అన్నాక అమ్మినవాడికి బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యతను మీరు వదిలేయడం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. జనం ప్రాణాలు.

1979 డిసెంబర్ 3న సిన్సినాటిలో 'ద హూ' బృందం కచేరీకి సీటు నంబర్లు లేని టికెట్లు ఎక్కువగా అమ్మారు. ముందు దూరినవాడిదే ముందు చోటు. వేలమంది తలుపుల దగ్గర కాచుకుని ఉంటే తెరిచినవి కొన్నే. ఆ తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. లోపల కచేరీ యథావిధిగా నడిచింది. బయట ఏం జరిగిందో చివరి పాట అయ్యేదాకా ఆ బృందానికి ఎవరూ చెప్పలేదు.

42 ఏళ్లు గడిచాయి. 2021 నవంబర్ 5న హ్యూస్టన్‌లో గాయకుడు ట్రావిస్ స్కాట్ ఆస్ట్రోవరల్డ్ ఉత్సవానికి సుమారు 50 వేల మంది వచ్చారు. 10 మంది చనిపోయారు. అందరిలోకీ చిన్నవాడికి 9 ఏళ్లు, పెద్దవాడికి 27. చుట్టూ ఉన్న ఒంటి బరువుల మధ్య ఛాతీ కదిలే చోటు లేక ఊపిరాడక పోయారు. ప్రాణనష్టం జరుగుతోందని అధికారులు ప్రకటించిన తర్వాత కూడా దాదాపు అరగంట పాట సాగింది. 2023 జూన్‌లో గ్రాండ్ జ్యూరీ ఎవరి మీదా నేరం మోపలేదు. సివిల్ దావాలు రాజీల్లో ముగిశాయి. పది కుటుంబాలకు మిగిలింది కోర్టు బయట కుదిరిన ఒక అంకె, అదీ బయటికి చెప్పకూడని అంకె.

జనం ఎందుకు ముందుకు తోసుకొస్తారో మీకు మాకన్నా బాగా తెలుసు. ముందు వరసలో ఉంటే ఆ హీరో చూపు తన మీద పడుతుందని, ఆ చెయ్యి తనకు తగులుతుందని. నెలల తరబడి మీరు వీడియోల్లో, పోస్టర్లలో పెంచిన ఆశే అది. చదరపు మీటరుకు అయిదుగురు దాటితే ప్రమాదమని, ఇంకా పెరిగితే ఎవరి కాళ్లు వాళ్ల అదుపులో ఉండవని, గుంపు మొత్తం నీళ్లలా ఊగుతుందని జనసమ్మర్దం మీద పనిచేసే నిపుణులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఆశను ఇంత శాస్త్రీయంగా పెంచగలిగిన మీకు ఈ లెక్క కష్టమని ఎవరూ నమ్మరు.

రెండేళ్ల తర్వాత 2023 నవంబర్ 17న రియో డి జనీరోలో టేలర్ స్విఫ్ట్ కచేరీ. నగరం నిప్పులు చెరుగుతోంది. బయటి నీళ్ల సీసాలు లోపలికి రానివ్వలేదని అభిమానులు మొత్తుకున్నారు. 23 ఏళ్ల అమ్మాయి వడదెబ్బతో చనిపోయింది. ఆ మరుసటి రోజే బ్రెజిల్ న్యాయమంత్రి ఆదేశం ఇచ్చారు: ఇలాంటి వేదికల్లోకి నీళ్లు తెచ్చుకోనివ్వాలి, ఉచితంగా నీళ్లు అందుబాటులో ఉంచాలి. ప్రాణం పోయాక ఒక్క రోజులో సాధ్యమైన పని అంతకు ముందు రోజు ఎందుకు సాధ్యం కాలేదు? దీనికి మీలో ఎవరైనా సూటిగా జవాబు చెబితే వినాలని ఉంది.

2. జేబు.

2022 నవంబర్ 15న టేలర్ స్విఫ్ట్ అమెరికా పర్యటనకు ముందస్తు టికెట్ల అమ్మకం మొదలైంది. ముందే పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 35 లక్షలు. సైటు కుప్పకూలింది. ఒక్క రోజులో 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. 18న జరగాల్సిన సాధారణ అమ్మకమే రద్దయింది. అంటే నమోదు చేసుకోని మామూలు మనిషికి క్యూలో నిలబడే అవకాశం కూడా దక్కలేదు. 2023 జనవరి 24న అమెరికా సెనేట్ కమిటీ విచారణ జరిపింది. 2024 మేలో ఆ దేశ న్యాయశాఖ కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్, టికెట్లు అమ్మే దాని అనుబంధ సంస్థ టికెట్‌మాస్టర్‌ల మీద గుత్తాధిపత్యం కేసు వేసింది.

ఇది హఠాత్తుగా వచ్చిపడ్డ జబ్బు కూడా కాదు. 1994లోనే పెర్ల్ జామ్ బృందం ఇదే టికెట్ల సంస్థ మీద న్యాయశాఖకు ఫిర్యాదు చేసి, అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పింది. మరుసటి ఏడాది ఆ విచారణను ఏ చర్యా లేకుండా మూసేశారు. అప్పటి కుర్రాళ్లు ఇప్పుడు తమ పిల్లలకు టికెట్లు కొనబోయి అదే గోడకు తల కొట్టుకుంటున్నారు.

2024 ఆగస్టు 31న, విడిపోయిన అన్నదమ్ముల బృందం ఓయాసిస్ టికెట్ల వ్యవహారం బ్రిటన్‌లో అందరూ చూశారు. సుమారు 150 పౌండ్లు అనుకుని గంటల కొద్దీ ఆన్‌లైన్ క్యూలో కూర్చున్నవాళ్లకు తమ వంతు వచ్చేసరికి అదే నిలబడే చోటుకు 350 పౌండ్లకు పైగా కనబడింది. కొనాలా వద్దా తేల్చుకోవడానికి నిమిషాలే గడువు. పదిహేనేళ్లుగా ఆ అన్నదమ్ములు మళ్లీ కలవాలని ఎదురుచూసిన మనిషి ఆ నిమిషంలో లెక్కలు వేసుకోడు, కార్డు నంబరు కొడతాడు. ఆ బలహీనత మీద పెట్టిన ధర అది. విమానం టికెట్‌కూ ధర మారుతుందని మీరు అంటారు. విమానయాన సంస్థ ఎవరికీ హీరో కాదు, అభిమానం పేరుతో ఎవరినీ పిలవదు.

ఇందులో హీరోతనం ఎలా ఉంటుందో చూపినవాడు ఒకడున్నాడు. 2023 మార్చిలో 'ద క్యూర్' గాయకుడు రాబర్ట్ స్మిత్ టికెట్ ధరలు తక్కువగా ఉంచితే, వాటి మీద వేసిన రుసుములు కొన్ని చోట్ల టికెట్ ధరనే దాటిపోయాయి. అతను బహిరంగంగా నిలదీశాడు. టికెట్ల సంస్థ కొందరికి 10 డాలర్లు, మిగతావాళ్లకు 5 డాలర్లు వెనక్కి ఇచ్చింది. చిన్న మొత్తమే. కానీ ఒక్క గాయకుడు గట్టిగా అడిగితే రుసుము తగ్గుతుందని తేలింది కాబట్టి, మిగతా గాయకులు ఎందుకు అడగరన్న ప్రశ్నా మిగిలింది. 'ఇది మా చేతుల్లో లేదు' అన్న మాట ఇక చెల్లదు.

ఆల్బమ్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకే పాటలకు అయిదారు రకాల అట్టలు, ఒక్కో పెట్టెలో ఏది వస్తుందో తెలియని ఫోటోకార్డు, ఎక్కువ కొన్నవాడికి సంతకాల సభ లాటరీలో ఎక్కువ అవకాశం. కార్డు తీసుకుని డిస్కులు చెత్తలో పడేస్తున్న పిల్లల్ని తిట్టి లాభం లేదు. పెట్టెలో ఏముందో తెలియకుండా పదే పదే కొనిపించే ఆటను పెద్దలు ఆడితే దానికి వేరే పేరుంది. 2024లో బిల్లీ ఐలిష్ లాంటి గాయనే రకరకాల రూపాల్లో రికార్డులు అమ్మడం వృథా అని పైకి అనేసింది.

3. అబద్ధపు చనువు.

టీవీలో, రేడియోలో కనబడే మనిషితో ప్రేక్షకుడు ఒకవైపు నుంచే స్నేహం కట్టుకుంటాడని డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే రాశారు. అప్పుడది అనుకోకుండా పుట్టే బంధం. ఇవాళ నెలవారీ చందాకు దొరుకుతోంది. కొరియాలో మొదలైన 'బబుల్' లాంటి యాప్‌ల పనితీరు చూడండి. గాయకుడు ఒక్క సందేశం టైపు చేస్తాడు, పేరు రావాల్సిన చోట ఒక గుర్తు పెడతాడు. అది వేలమంది ఫోన్లలో ఎవరి పేరుతో వాళ్లకు దిగుతుంది. "ఫలానా, అన్నం తిన్నావా? నిద్రపోయావా?" ఆ పేరు తనదే కాబట్టి అది తనకోసమే రాసినట్టు ఉంటుంది. పెద్దవాళ్లకు తెలుసు, నవ్వుకుని ఊరుకుంటారు. పదమూడేళ్ల పిల్లకు తెలిసినా తెలియనట్టే. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఆ ఫోను అడుగుతుంటే చందా ఆపడం ఆ పిల్లకు స్నేహితుణ్ని వదిలేసినంత పని.

ఆ సందేశాల వల్ల ఊరట పొందినవాళ్లూ ఉన్నారని ఒప్పుకుంటాను. ఒంటరిగా ఉన్న రాత్రి ఒక్క మంచి మాట చాలు, అది ఎవరు ఎందుకు పంపారన్నది అప్పుడు పట్టదు. నా అభ్యంతరం ఊరట మీద కాదు, దాని తయారీ పద్ధతిని దాచడం మీద.

4. నోరు నొక్కడం.

హీరోకు తప్పు అంటకూడదు. అంటిందని చెప్పినవాడే తప్పుడువాడవుతాడు. అమెరికా గాయకుడు ఆర్. కెల్లీ ఆడపిల్లలను లైంగికంగా వేధించాడన్న ఆరోపణలు 1990ల నుంచే ఉన్నాయి. 1994లో 15 ఏళ్ల గాయని ఆలియాను అతను పెళ్లి చేసుకున్న సంగతి దాగలేదు కూడా. 2008లో ఒక కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. పాటలు వస్తూనే ఉన్నాయి, కచేరీలు జరుగుతూనే ఉన్నాయి, మీ రంగంలో అతనికి తలుపులు తెరిచే ఉన్నాయి. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు దోషిగా తేల్చింది 2021 సెప్టెంబర్‌లో, 30 ఏళ్ల శిక్ష పడింది 2022 జూన్‌లో. ఆ మధ్యలో గడిచిన కాలమంతా బాధిత మహిళలు, అప్పట్లో ఆడపిల్లలు, డబ్బు కోసం అబద్ధం చెబుతున్నారన్న నింద మోశారు. ఆ నింద వేసినవాళ్లలో ఎక్కువమంది అభిమానులే. కానీ ఆ పాటలను రేడియోకు పంపింది, వేదికలు బుక్ చేసింది అభిమానులు కాదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్లు సమానం కావు.

నేరాల దాకా ఎందుకు, పాట బాగా లేదని రాసినా చాలు. 2024 ఏప్రిల్‌లో 'పేస్ట్' పత్రిక టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ సమీక్షను రాసినవాళ్ల పేరు లేకుండా ప్రచురించింది. 2019లో ఆమె మరో ఆల్బమ్ మీద రాసిన సమీక్షకుడికి హింసిస్తామని బెదిరింపులు వచ్చాయని, అందుకే ఈసారి పేరు వేయలేదని కారణం కూడా చెప్పింది. పాటకు మార్కులు వేసినందుకు పేరు దాచుకోవాల్సి రావడం ఏ లెక్కన చూసినా మామూలు సంగతి కాదు. అభిమానులను సైన్యమని పిలిచి, ప్రతి విడుదలనూ యుద్ధంలా నడిపి, చార్టుల్లో మొదటి స్థానం కోసం రాత్రంతా పాట తిప్పమని ఉసిగొల్పి, చివరికి ఆ సైన్యం ఎవరి మీదో పడితే 'అభిమానుల ప్రవర్తనతో మాకు సంబంధం లేదు' అని చేతులు దులుపుకుంటున్నారు.

5. ఆ హీరో అనే మనిషి.

ఇది మామూలు జనం బాధ కాదు కదా అనవచ్చు. స్టేజీ దిగాక ఆ మనిషీ మామూలు మనిషే.

2013 జనవరి 31న జపాన్ బృందం ఏకేబీ48 సభ్యురాలు మినామి మినెగిషి గుండు గీయించుకుని కెమెరా ముందు ఏడుస్తూ క్షమాపణ చెప్పింది. ఆమె నేరం ఒక అబ్బాయి ఇంట్లో రాత్రి గడపడం. ఆ వీడియో ఎక్కడో లీకైంది కాదు, బృందం అధికారిక ఛానెల్‌లోనే పెట్టారు. 2024 ఫిబ్రవరిలో కొరియా బృందం ఏస్పా గాయని కరీనా ఒక నటుడితో ప్రేమలో ఉన్నట్టు తెలిసింది. అభిమానులు కొందరు కంపెనీ ఆఫీసు ముందుకు నిరసన ట్రక్కు పంపారు, ఆమె చేత్తో రాసిన క్షమాపణ లేఖ పెట్టింది. పెళ్లీడొచ్చిన మనిషి ప్రేమించినందుకు లోకానికి క్షమాపణ! ఆమె తమదేనన్న భ్రమను అభిమానులకు అమ్మింది ఎవరు? క్షమాపణ పత్రం మీద సంతకం మాత్రం ఆ పిల్లదే.

బ్రిట్నీ స్పియర్స్ సంగతి ఇంకా విడ్డూరం. తన డబ్బు, తన బతుకు తాను చూసుకోలేదని 2008 ఫిబ్రవరిలో కోర్టు ఆమెను సంరక్షకత్వం కింద పెట్టింది. తన బతుకు తాను చూసుకోలేని ఆ మనిషే ఆ తర్వాత ఆల్బమ్‌లు విడుదల చేసింది, లాస్ వేగాస్‌లో నాలుగేళ్లు వందల ప్రదర్శనలు ఇచ్చింది. వ్యాపారానికి పనికొచ్చింది, సొంత బతుక్కి పనికిరాలేదట. 2021 జూన్ 23న ఆమె కోర్టులో నోరు విప్పింది, నవంబర్ 12న ఆ సంకెల తెగింది. దాని కోసం ఏళ్ల తరబడి కోర్టు బయట అట్టలు పట్టుకుని నిలబడ్డది ఎవరో గుర్తుందా? మీరు సరుకు కొనేవాళ్లుగా మాత్రమే లెక్కేసే అభిమానులే. వాళ్లను మొదట్లో అందరూ పిచ్చివాళ్లన్నారు.

ఈ రంగంలో నియమాలు పెట్టడం కుదరదన్న మాట కూడా నిజం కాదు. కొరియాలో 2009లో టీవీఎక్స్‌క్యూ బృందంలో ముగ్గురు తమ 13 ఏళ్ల ఒప్పందం మీద కోర్టుకెక్కారు. ఆ గొడవ జరిగిన ఏడాదే అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ నమూనా ఒప్పందం తెచ్చి గడువును ఏడేళ్లకు పరిమితం చేసింది. ఆ తర్వాత కొరియా సంగీతం ప్రపంచమంతా పాకింది. అంటే నియమం వల్ల ఆ రంగం మునిగిపోలేదు.

ఇక మా డిమాండ్లు. వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. కొన్ని ఎక్కడో ఒకచోట అమల్లో ఉన్నవే.

ప్రతి పెద్ద కచేరీలోనూ పాట ఆపించే అధికారం ఉన్న ఒక భద్రతాధికారి ఉండాలి. ఆయన జీతం నిర్వాహకుడి లాభంతో ముడిపడి ఉండకూడదు. ఆయన చెయ్యి ఎత్తితే గాయకుడి చెవిలో ఉన్న యంత్రంలో ఆ మాట వెంటనే వినబడాలి, గాయకుడు ఆపాలి. ఆపడం ఒప్పందంలో షరతుగా రాయాలి. నిలబడే ప్రాంతాలను చిన్న చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో దాంట్లో ఎంతమందికి చోటో టికెట్ మీదే ముద్రించాలి. తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఎండ మరీ తీవ్రమైతే వాయిదా వేయాలి, వాయిదా వేస్తే ప్రయాణం ఖర్చుతో సహా ఎవరు భరిస్తారో ముందే చెప్పాలి. మిగతా డిమాండ్లన్నీ బేరానికి రావచ్చు, ఇది మాత్రం రాదు.

టికెట్‌కు మొదట చూపిన ధరే చివరి ధర కావాలి, రుసుములన్నీ కలుపుకుని. క్యూలో నిలబడ్డాక ధర పెంచడం మానాలి. ఎన్ని టికెట్లు జనానికి అమ్ముతున్నారో, ఎన్ని స్పాన్సర్లకూ తెలిసినవాళ్లకూ పక్కన పెట్టారో అమ్మకానికి ముందే వెల్లడించాలి. కొన్న ధర కన్నా ఎక్కువకు తిరిగి అమ్మే పద్ధతిలో మీ సొంత సైట్లకు వాటా ఉంటే అది ఆపాలి.

చందా సందేశాల యాప్‌లలో ప్రతి సందేశం కింద 'ఇది చందాదారులందరికీ ఒకేసారి వెళ్లింది' అని కనబడాలి. మైనర్ల చందాకు పెద్దవాళ్ల అనుమతి, నెలకు ఖర్చుపై పరిమితి ఉండాలి. పెట్టెలో ఏ కార్డు ఉందో చెప్పకుండా అమ్మడం మానేయాలి, లేదా కార్డులను విడిగా అమ్మాలి.

కళాకారుడి మీద తీవ్రమైన ఫిర్యాదు వస్తే దాన్ని కంపెనీ బయటివాళ్లు విచారించాలి, అంతదాకా ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటికి రాకుండా చూసే బాధ్యత కంపెనీదే. అభిమానులు ఎవరినైనా బెదిరిస్తుంటే అధికారిక ఖాతా నుంచి ఆపమని చెప్పాలి. కొత్త పాట ప్రచారానికి గంటకో పోస్టు పెట్టే ఖాతాకు ఈ పని భారం కాదు. ప్రేమ, పెళ్లి, పిల్లల మీద ఆంక్షలు ఉన్న ఒప్పందాలన్నీ రద్దు చేయాలి. పర్యటన మధ్యలో జబ్బు పడ్డ గాయకుడు సెలవు తీసుకుంటే నష్టపరిహారం అడగకూడదు. సహాయ కచేరీలు చేస్తే వచ్చిన డబ్బు, చేరిన డబ్బు రెండూ ఏడాదిలోగా లెక్క చెప్పాలి.

అభిమానులు లెక్క తెలియని మంద అని మీరు అనుకుంటుంటే 2020 జూన్ గుర్తు చేస్తాను. బీటీఎస్ బృందం నల్లజాతీయుల ఉద్యమానికి పది లక్షల డాలర్లు ఇస్తే, అభిమానులు దాదాపు ఒక్క రోజులో అంతే మొత్తం పోగు చేసి జోడించారు. ఎవరూ ఆదేశించలేదు. అంత వేగంగా డబ్బు పోగు చేయగలిగినవాళ్లు అంతే వేగంగా డబ్బు ఆపగలరు కూడా.

ఈ లేఖకు జవాబు బహిరంగంగానే ఇవ్వండి. సంస్థ పేరుతో కాదు, నిర్ణయం తీసుకోగల ఒక మనిషి పేరుతో, ఒక్కో డిమాండ్‌కు అవుననో కాదనో. కాదంటే కారణం కూడా రాయండి, చదువుతాం. అలాంటి జవాబు వచ్చేదాకా తోటి అభిమానులకు నా విన్నపం ఒకటుంది. ఈసారి పర్యటన ప్రకటించినప్పుడు టికెట్ల పేజీ తెరిచే ముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: పాట ఆపే అధికారం ఎవరికుంది? నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? జవాబు రాకపోతే ఆ టికెట్ కొనకండి. మన హీరో ఎంత గొప్పవాడైనా సరే, కొనకండి.

ఇట్లు,
టికెట్ కొనుక్కునే ఒక శ్రోత